విశ్వాసము, ఆచరణము : టాల్‌స్టాయి కథ యొకదానిపై విమర్శ

క్రియలు లేని విశ్వాసము నిర్జీవమని యాకోబు పత్రిక బోధించుచున్నది. ఈ సిద్ధాంతమును ప్రసంగమున ప్రతిపాదించుట సులభము. కథయందు నిరూపించుట దుష్కరము. పాత్ర సిద్ధాంతమునకు వట్టి దృష్టాంతమైనచో దాని ప్రాణము పోవును. పాత్రకు స్వాతంత్ర్య మొసగినచో సిద్ధాంతము మరుగుపడును. ఈ రెండు ప్రమాదముల నడుమ నడచిన రచనగా లియో టాల్‌స్టాయి (1828-1910) 1885 లో వ్రాసిన యొక చిన్నకథను ఇచ్చట పరిశీలింప దలచితిమి. దాని పేరునకు తెలుగున 'ప్రేమ యున్నచోటనే దేవుడుండును' అని యర్థము. ఫ్రెంచి బోధకుడు రూబెన్ సయాన్ రచించిన కథ దీనికి మూలము. 1884 లో స్థాపితమైన 'పొస్రేద్నిక్' ప్రచురణ సంస్థ సామాన్యజనులకై స్వల్పమూల్యమునకు విక్రయించిన పుస్తకముల కోవకు చెందినదిది.

ఈ కథను గూర్చి చర్చింప వలసివచ్చుటకు ప్రబలమైన కారణ మొకటి కలదు. 1898 నాటి 'కళ యననేమి?' అను గ్రంథమున టాల్‌స్టాయి తన రచనలలో రెండు కథలను మాత్రమే మినహాయించి, తక్కిన వానినన్నిటిని నికృష్టకళగా పరిగణించెను. ఆ రెండింటిలో ఈ కథ లేదు. రచయితయే త్రోసిపుచ్చిన దానిని విమర్శకుడు నిలుపవచ్చునా? నిలుపవచ్చుననియే మా యభిప్రాయము. అయితే దానిలోని దోషమును దాచి నిలుపరాదు.

ఇతివృత్తము స్వల్పము. మార్టిన్ అవ్దేయిచ్ బూట్లు కుట్టి జీవించువాడు. అతడు నివసించు నేలమాళిగ గదికి కిటికీ యొకటే. దానినుండి బాటసారుల పాదములు మాత్రమే కనబడును. ఆ బూట్లలో అనేకము తాను కుట్టినవో, బాగుచేసినవో యగుటచేత అతడు మనుష్యులను బూట్లనుబట్టియే గుర్తించును. భార్యయు, పిదప ఏకైక పుత్రుడును మరణింపగా అతడు దేవుని నిందించెను. స్వగ్రామవాసియైన యాత్రికుని బోధచే సువార్తలు చదువ మొదలిడెను. లూకా సువార్తలోని పరిసయ్యుడు సీమోను వృత్తాంతమును చదివి, తన యింటికి క్రీస్తు వచ్చినచో తాను మాత్ర మెట్లు ఆదరింతునో యని తలపోయుచు నిద్రించెను. మఱునాడు వత్తునని యొక స్వరము వినబడెను.

మఱునాడు క్రీస్తు రాలేదు. ముగ్గురు నలుగురు సామాన్యులు వచ్చిరి. మంచు త్రవ్వుచు అలసిన వృద్ధసైనికుడు స్తెపానిచ్‌నకు మార్టిన్ తేనీరిచ్చెను. వేసవి దుస్తులతో చలిలో నిలిచిన సైనికుని భార్యకు ఆహారమును, పాతకోటును, తాకట్టుపెట్టిన శాలువను విడిపించుకొనుటకు 20 కోపెక్కులను ఇచ్చెను. ఆపిలుపండ్లమ్ము వృద్ధకును, పండు దొంగిలించిన బాలునకును సంధి కుదిర్చెను. రాత్రి వారందఱు చీకటిలో కనబడి, వచ్చినది తానేయని క్రీస్తు తెలిపినట్లు కథ ముగియును.

ఇందలి శిల్పరహస్యము మార్టిన్ చేసిన దానములలో లేదు. అవి అతని వృత్తితో పెనవేసికొనిన విధమున నున్నది. ఒక్కొక్కరు వెడలిన పిమ్మట అతడు మరల కిటికీచెంత కూర్చుండి కుట్టుపని సాగించుచుండును. సైనికుడు కాళ్లు తుడుచుకొన బోగా, నేల తుడుచుట తన నిత్యకృత్యమే కదాయని వారించును. శిశువును నవ్వించుటకు వ్రేలు చూపునే కాని, మైనముచే నల్లబడిన ఆ వ్రేలిని శిశువు నోటికి తాకనీయడు. సువార్తలో గుర్తుగా నుంచినది తోలుముక్క. పనిని విడిచి భక్తి లేదు. భక్తిని విడిచి పని లేదు. ఈ యభేదమును రచయిత యెచ్చటను వాక్యరూపమున చెప్పలేదు, వస్తువులచేత చెప్పించెను. మన ఆలంకారికులు కాంతాసమ్మితమనిన ఉపదేశపద్ధతి యిదియే.

దోషమునుకూడ చెప్పవలయును. యాత్రికుని బోధయు, కడపటి దర్శనమును ప్రభుసమ్మితములు. మత్తయి సువార్త 25వ అధ్యాయమున నీతిమంతులు తాము ప్రభువు నెప్పుడు ఆదరించితిమని ఆశ్చర్యముతో ప్రశ్నింతురు. వారి క్రియకు విలువ ఆ యెఱుగమియందే కలదు. మార్టిన్ సైతము పగలంతయు ఎఱుగకయే చేసెను. క్రీస్తుకై వీథిని చూచుచునే మనుష్యులను ఆదరించెను. రాత్రి స్వరము వచ్చి దానిని వివరించుటతో పాఠకుడు స్వయముగా గ్రహింపవలసినది అతనికి అప్పగింపబడినది. టాల్‌స్టాయి తీర్పునకు ఈ ఘట్టము కొంత ఆధారమగునేమో.

అయినను మూడవ ఘట్టము కథను రక్షించుచున్నది. మత్తయి చెప్పిన పట్టికలో ఆకలిగొన్నవారు, దప్పిగొన్నవారు, పరదేశులు, వస్త్రహీనులు, రోగులు, చెఱలోనున్నవారు కలరు. పండు దొంగిలించిన బాలుడు వీరిలో ఎవ్వడును కాడు. వృద్ధయు యాచకురాలు కాదు, నష్టపడినది. ఇచ్చట కావలసినది దానము కాదు, న్యాయము. బాలుని శిక్షింపవలెనను వృద్ధ మాటలో లోకన్యాయము కలదు. మార్టిన్ దానిని కాదనలేదు. బాలునిచేత తప్పొప్పించి, క్షమాపణ వేడించి, పండు వెల తానిచ్చెదననెను. పిదప బాలుడు వృద్ధ మోయుచున్న సంచిని తాను మోసెదనని ముందునకు వచ్చెను. ఇరువురు మాటలాడుకొనుచు వీథివెంట సాగిపోయిరి. వృద్ధ ఆపిలుపండు వెల అడుగుట మఱచిపోయెను.

ఈ మఱపు కథకంతటికిని మకుటాయమానమని మేము తలంచుచున్నాము. క్షమయనగా నేమో మార్టిన్ అప్పటికే ఉపమానముతో చెప్పియుండెను. ఆ చెప్పుటవలన వృద్ధ నిట్టూర్చెనే కాని పూర్తిగా మాఱలేదు. సంచి భుజము మాఱిన పిదపనే లెక్క మఱుపునకు వచ్చినది. బోధ చేయలేనిదానిని క్రియ చేసినది. రచయిత దీనిపై వ్యాఖ్యానింపక, మెట్లపై పడిన తన కండ్లజోడు పగులకుండ దొరకగా మార్టిన్ మరల ఆరె చేతబట్టెనని మాత్రము చెప్పి సాగిపోయెను.

నీతికథయను పేరుపెట్టి యిట్టి రచనలను విమర్శపరిధి నుండి తొలగించుట మన విద్యార్థులలో తఱచుగా కనబడుచున్నది. నీతి యున్నదా లేదా యన్నది ప్రశ్న కాదు. అది పాత్రల నోటనున్నదా, చేతనున్నదా యన్నది ప్రశ్న. ఈ కథలో రెండును కలవు. నోటనున్న భాగమును రచయిత తీర్పునకు విడిచి, చేతనున్న భాగమును మనము నిలుపుకొనుట న్యాయము.