అక్షరానికీ భంగిమ ఉంది

నంద్యాల నుంచి కడప వెళ్లే దారిలో ఆళ్లగడ్డ వస్తుంది. రాతి విగ్రహాలకు పేరుమోసిన ఊరు. శిల్పం నేర్చిన చేతికి ఒక విషయం కొట్టినపిండి: నిటారుగా నిలిచిన సమభంగ విగ్రహాన్ని పక్కకు ఒరిగిస్తే త్రిభంగం కాదు. బరువు ఒక కాలి మీద పడితే నడుము అటు జరుగుతుంది, భుజాలు ఇటు వాలతాయి, తల మళ్లీ అటు మొగ్గుతుంది. రాయి మీద గీతలు గీసుకునేటప్పుడే ఈ మూడు వంపులూ లెక్కలోకి రావాలి. అచ్చులో వాడే వాలు అక్షరం, అంటే ఇటాలిక్, సరిగ్గా ఇలాంటిదే. తెలుగుకు అది ఇంకా పెద్దగా అందలేదు. అందవలసిన అవసరం మాత్రం చాలా ఉంది.

రాతి మీద పుట్టిన కొసలు

వాలు సంగతికి ముందు, అక్షరానికి రూపమిచ్చిన చేతిపనిని చూద్దాం. లాటిన్ అక్షరాల తలల దగ్గర, పాదాల దగ్గర కనిపించే చిన్న కొసగీతలను సెరిఫ్‌లంటారు. వాటి పుట్టుక రాతిపనితో ముడిపడింది. రోమ్‌లో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం మీది అక్షరాలను పరిశీలించి ఎడ్వర్డ్ కాటిచ్ 1968లో పుస్తకం వెలువరించాడు. ముందు చదునైన కుంచెతో రాతి మీద రాసి, ఆ గీత వెంటే ఉలి నడిపారని, కుంచె మలుపే సెరిఫ్ అయిందని ఆయన వాదన.

మన అక్షరాలకూ తలకట్టు ఉంది. తెలుగు, కన్నడ లిపులు కలిసి ఉన్న రోజుల్లో అది అక్షరం నెత్తిన చిన్న గీత. తర్వాత కన్నడంలో అడ్డంగా స్థిరపడింది, తెలుగులో కుడివైపు పైకి ఎగసింది. ఈ ప్రయాణానికి రేనాటి నేల సాక్షి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించిన కలమళ్ల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. ఆళ్లగడ్డకు దగ్గర్లోని అహోబిలంలో శ్రీకృష్ణదేవరాయల శాసనం 1515 నాటిది. ఈ రెండింటి నడుమ తొమ్మిది శతాబ్దాలకు పైగా గడిచాయి, అక్షరం బాగా గుండ్రబడింది.

గుండ్రదనం ఉలికి కష్టం. ఉలి దెబ్బ తిన్నగా పడుతుంది. ఒక్క సున్న చెక్కాలన్నా పొట్టి పొట్టి గాట్లు పెడుతూ, దెబ్బదెబ్బకూ ఉలిని కాస్త తిప్పుతూ రావాలి. గాటు అడుగున రెండు వాలు గోడలు కలుస్తాయి. ఎండ పడితే ఒక గోడ వెలుగుతుంది, రెండోదాని మీద నీడ నిలుస్తుంది. మనం చదివేది ఆ నీడనే.

వాలు ఒక్కటే చాలదు

ఇటాలిక్ 1501లో వెనిస్‌లో పేరు తెచ్చుకుంది. ఆల్డస్ మనూషియస్ ఆ ఏడాది వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా, మొత్తం ఈ అక్షరాల్లోనే అచ్చువేశాడు. వాటిని ఉక్కు మీద చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. నిలువు అక్షరాలను వంచి కాదు, ఆనాటి పండితుల చేతిరాత చూసి చెక్కాడు. ఆ పుస్తకంలో పెద్దక్షరాలు నిటారుగానే ఉంటాయి. అంటే ఇటాలిక్‌కు ప్రాణం చేతి నడక, వాలు దాని వెంట వచ్చినదే.

మరి తెలుగులో? నోటో సెరిఫ్ తెలుగు అనే ఖతి (ఫాంట్) సన్నని గీత నుంచి బాగా లావుపాటి గీత వరకు 9 మందాల్లో దొరుకుతుంది. వాలు రూపం ఒక్కటీ లేదు. అయినా ఇటాలిక్ మీట నొక్కితే అక్షరం ఒరుగుతుంది. అది యంత్రం చేసే పని. వెబ్ ప్రమాణాల్లో, ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ వాలు 14 డిగ్రీలు. పంక్తి గీతకు పైన నాలుగు పాళ్ల ఎత్తులో ఉన్నది ఒక పాలు కుడికి జరుగుతుంది, కింద నాలుగు పాళ్లలో ఉన్నది ఒక పాలు ఎడమకు పోతుంది.

ఇంగ్లిషులో పంక్తి గీత కింద ఉండేది తక్కువ కాబట్టి ఇది పెద్దగా తెలియదు. మనకు వత్తులన్నీ అక్కడే ఉన్నాయి. ‘స్త్రీ’ని ఒరిగించి చూడండి. గుడిదీర్ఘం కుడికి, వత్తులు ఎడమకు లాగి, అక్షరం నడుము విరిగినట్టవుతుంది. తలకట్టులో 45 డిగ్రీలు ఎగసిన గీత 39 డిగ్రీలకు పడిపోయి చదునవుతుంది. సున్న కోడిగుడ్డవుతుంది, దాని గీత ఒకచోట లావెక్కి మరోచోట సన్నబడుతుంది.

ఏం చేయాలి?

అక్షరాన్ని కొత్తగా గీయాలి. వాలు తక్కువ పెట్టి, వత్తును తల్లి అక్షరం కిందికి తిరిగి తేవాలి. తలకట్టు ఎగుపును విడిగా దిద్దాలి. వేగంగా రాసే తెలుగు చేతిరాతలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడుతుందో గమనించి, ఆ నడకను అచ్చులోకి తేవాలి.

ఇది అలంకారం కోసం కాదు. నాటకంలో రంగసూచనలు, కథలో మనసులోని మాట, వ్యాసంలో పుస్తకాల పేర్లు వీటన్నిటికీ ఇప్పుడు ఎక్కువగా కొటేషన్లు, బ్రాకెట్లు, బోల్డే దిక్కు. బోల్డ్ మాట పేజీ తెరవగానే కంటికి తగిలి, చదువుతున్న వాక్యం నుంచి చూపును లాగేస్తుంది. మంచి ఇటాలిక్ చూపు అక్కడికి చేరాకే తేడా చెబుతుంది. చదువరికి అది పెద్ద మర్యాద.

ఖతులు గీసే యువతకు నా సూచన ఇది: ‘క’, సున్న, ‘స్త్రీ’ ఈ మూడింటితో మొదలుపెట్టండి. మొదటిది తలకట్టును, రెండోది గుండ్రదనాన్ని, మూడోది పైకీ కిందికీ ఉన్న బరువును పరీక్షిస్తుంది. ఈ మూడూ తమ కాళ్ల మీద తాము నిలిచాకే మిగతా అక్షరాలకు వెళ్లండి.