నికెల్ కింద రాగి

పాత కంప్యూటర్ని పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకసారి విప్పాను. పైన ఫ్యాను, దాని వెనక దువ్వెన పళ్లలాంటి అల్యూమినియం రేకులు, అడుగున రాగి దిమ్మ. దిమ్మని ఊరికే లాగితే రాలేదు. మెల్లగా అటూ ఇటూ మెలితిప్పితే గానీ పట్టు వదల్లేదు. కింద ప్రాసెసర్ బయటపడింది. మామూలుగా దాని మూత వెండి రంగులో ఉంటుంది, మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు లేజరుతో చెక్కి ఉంటాయి. దీని మీద పేరు లేదు, నంబరు లేదు, వెండి రంగూ లేదు. కొత్త రాగి చెంబు లోపలి గోడలాంటి లేత ఎరుపు మాత్రం ఉంది. అది ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 అని నాకు తెలిసింది, అది ఇంట్లోకి వచ్చిన రోజు నేను చూశాను కాబట్టి.

దాన్ని అలా అరగదీసింది మా మేనల్లుడు. అప్పుడు వాడు ఇంజనీరింగు మూడో ఏడు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి కొన్న కొత్త సరుకు. వారం తిరక్కుండానే దాన్ని ఉప్పు కాగితం మీద బోర్లించి రుద్దుతుంటే మా అక్క "వీడికేం పట్టిందిరా!" అని నన్ను పిలిచింది. నేనూ మందలించడానికే వెళ్లి, మందలించకుండా రెండు గంటలు కూర్చున్నాను.

2007 జనవరిలో వచ్చిన ఈ క్యూ6600లో నాలుగు కోర్లు. కంపెనీ ఇచ్చిన వేగం 2.4 గిగాహెర్ట్జ్. కుర్రాళ్లు దాన్ని 3.6 దాకా పరుగెత్తించేవారు. సగం వేగం ఉచితంగా వచ్చినట్టే, కాకపోతే వేడి రూపంలో బాకీ తీర్చాలి. మామూలు వేగానికే కంపెనీ లెక్క మొదటి రకానికి 105 వాట్లు, తర్వాత వచ్చిన రకానికి 95. వేగం పెంచి, దానికోసం వోల్టేజీ కూడా పెంచితే ఆ అంకెలు ఎక్కడ ఆగుతాయో చెప్పలేం. లోపల సిలికాన్ ముక్కలు రెండు, ఒక్కొక్కటి 143 చదరపు మిల్లీమీటర్లు. రెండూ కలిపినా ఒక తపాలా బిళ్లంత. ఆ జాగాలోంచి ఓ పెద్ద బల్బు వేడి పైకి రావాలి. ముందు మూతలోకి, మూతలోంచి కూలర్ అడుగున ఉన్న దిమ్మలోకి, అక్కణ్ణుంచి రేకుల్లోకి, చివరికి గాలిలోకి.

ఈ దారిలో చిక్కు మూతకీ దిమ్మకీ మధ్య ఉంది. రెండూ లోహమే, రెండూ కంటికి నున్నగానే ఉంటాయి. కానీ ఆ కాలపు ప్రాసెసర్ మూతలు చాలావాటికి అంచులు ఎత్తు, నడుమ పల్లం. నడిమధ్యనే కదా కింద సిలికాన్ ఉండేది! ఆ పల్లంలో గాలి నిలవకుండా పేస్టు పూస్తారు. పేస్టు గాలికన్నా ఎన్నో రెట్లు నయం, రాగికన్నా ఎన్నో రెట్లు తీసికట్టు. ఉష్ణవాహకతలో రాగికి సుమారు 400 మార్కులు వేస్తే మంచి పేస్టుకి అయిదో ఎనిమిదో వస్తాయి, గాలికి 0.026. కాగితం, పెన్సిలు తీసుకుని నేనే లెక్క వేసి చూశాను. 100 వాట్లు ఆ తపాలా బిళ్ల మీదుగా నిటారుగా పైకి వస్తున్నాయనుకుంటే, 0.1 మిల్లీమీటరు మందం పేస్టు దగ్గరే ఏడు డిగ్రీలు పోతాయి. వేడి మూతలో కాస్త పక్కలకి పరుచుకుంటుంది కనక అసలు నష్టం ఇంతకన్నా తక్కువే. అయినా పల్చటి కాగితమంత సందుకి అది చిన్న మూల్యం కాదు.

అదే లెక్కతో ఇంకో సంగతి కూడా తేలింది. మూత మీది వెండి రంగు నికెల్ పూతది, లోపలంతా రాగి. నికెల్ వేడికి అడ్డం పడుతుంది కనక దాన్ని గీకేయాలని కొందరు అనేవారు, మూత పల్చబడితే వేడి త్వరగా దాటుతుందని ఇంకొందరు. ఆ కొన్ని మైక్రాన్ల నికెల్ తీసేస్తే మిగిలేది డిగ్రీలో యాభయ్యో వంతు. రాగిని 0.1 మిల్లీమీటరు పల్చబరిస్తే డిగ్రీలో పదో వంతు కూడా రాదు. కాబట్టి అరగదీతలో లాభమంతా ఆకారానిది. నికెల్ పోవడం దారిలో జరిగే నష్టమే, ఎందుకంటే రాగికి గాలి తగిలితే కిలుం పడుతుంది, అది పట్టకుండానే ఆ పూత వేస్తారు.

వాడి సరంజామా చూస్తే ఇంత పనికి ఇవేనా అనిపిస్తుంది. మందపాటి అద్దం పలక, కార్లకి రంగులు వేసేవాళ్లు వాడే వాటర్ పేపర్లు 400 నంబరు నుంచి 2000 దాకా, గిన్నెల సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్లు, కొత్త గడ్డం బ్లేడు, నల్ల మార్కర్ పెన్ను. వీటిలో అసలు పనిముట్టు అద్దమే. కిటికీలకి వాడే ఫ్లోట్ గ్లాసు అది. ఇంగ్లండులో పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించిన పద్ధతిలో, కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలనిచ్చి తయారు చేస్తారు. తగరం నిలిచిన నీళ్లలా తనంతట తానే మట్టంగా పరుచుకుంటుంది, గాజు ఆ మట్టాన్ని పట్టుకుని గడ్డకడుతుంది. మా వాడు కాగితాన్ని తడిపి ఆ అద్దానికి అంటించి, కింద బుడగ లేకుండా అరచేత్తో ఒత్తాడు. బుడగ ఉంటే పని మొదట్లోనే చెడుతుందన్నాడు. ప్రాసెసర్ నొక్కు పడ్డప్పుడు బుడగ అణిగి, దాటగానే లేస్తుంది, ఆ లేచిన చోట అంచు గుండ్రమవుతుంది.

ముందు బ్లేడు పరీక్ష. బ్లేడు అంచుని మూత మీద నిలబెట్టి, వెనక టార్చి వెలిగించి, కన్ను ఆ ఎత్తుకి దించి చూడాలి. నడుమ సన్నని వెలుగు గీత కనిపించింది. ఎదురు మూలలకి తిప్పి పెడితే గీత ఇంకాస్త లావైంది. తర్వాత మార్కర్ పెన్నుతో మూతంతా గళ్లు గీశాడు. అడుగున బంగారు పూత చుక్కలుంటాయి, వాటికి చెమ్మ తగలకుండా టేపు వేసి, పెట్టెతో పాటు వచ్చిన ప్లాస్టిక్ తొడుగు బిగించాడు.

ఇక రుద్దడం. చెయ్యి సహజంగా చదునుగా రుద్దదు. మన గంధం సాన చూడండి, ఎంత నున్నటి రాయి తెచ్చినా కొన్నేళ్లకి నడుమ గుంట పడుతుంది. చెయ్యి ముందుకు పోతున్నప్పుడు వేళ్లు ముందంచు మీద బరువేస్తాయి, వెనక్కి వస్తున్నప్పుడు వెనకంచు మీద. అలా రుద్దితే మూత తిరగేసిన సాసరులా తయారవుతుంది. ఇక్కడే మా వాడి పనితనం. తొయ్యడం మానేశాడు. వేళ్ల కొసలతో రెండు పక్కలా తేలిగ్గా పట్టుకుని, తన వైపుకి లాగడం మాత్రమే. చివరిదాకా వచ్చాక పైకెత్తి, మళ్లీ మొదట్లో పెట్టి లాగడం. నొక్కడం లేదు, ప్రాసెసర్ బరువుకి వేళ్ల బరువు తోడు, అంతే. ఇరవై లాగుళ్లకోసారి పావు చుట్టు తిప్పడం. నాలుగు దిక్కులూ అయ్యాక కాగితం మీద కొత్త జాగాకి జరగడం. చెయ్యి చేసే తప్పు ఒకే వైపు పోగవకుండా నాలుగు వైపులకీ పంచుతాడన్నమాట. నోటితో లెక్కపెట్టుకుంటున్నాడు, మధ్యలో పలకరిస్తే చెయ్యెత్తి ఆగమన్నాడు.

మొదట మార్కర్ గీతలు మూలల్లో చెరిగాయి. తర్వాత ఆ మూలల్లోనే ఎరుపు తొంగిచూసింది. ఆ గంటా నేను చూసింది ఒక పటం గీయబడటం. నాలుగు మూలల నుంచి రాగి బయల్దేరి, అంచుల వెంట నడిచి, ఒకదానితో ఒకటి కలిసి చట్రమైంది. చట్రం లోపల వెండి రంగు చెరువు మిగిలింది. ఆ చెరువు గట్టు కాగితం మీద గీసినట్టు గుండ్రంగా లేదు, ఒక పక్క కుంచించుకుని, ఇంకో పక్క సాగి ఉంది. మూత తయారైనప్పటి వంకరంతా అక్కడ రంగుల్లో అచ్చయింది. కొలిచే యంత్రం లేకుండా మైక్రాన్లు కంటికి కనిపించడమంటే ఇదే. అద్దం మీది నీళ్లు మొదట బూడిద రంగులో ఉన్నవి, గోధుమ రంగుకి తిరిగాయి. చెరువు రూపాయి బిళ్లంతై, చింతగింజంతై, చివరికి మాయమైంది. అక్కడితో 400 నంబరు పని పూర్తి.

నంబరు మార్చేటప్పుడల్లా అద్దం, చేతులు, ప్రాసెసర్ పక్కలు కడిగి తుడిచాడు. ముతక కాగితం రేణువు ఒక్కటి సన్నదాని మీదికి చేరినా పెద్ద గాటు పడుతుంది. ఏ నంబరు ఎంతసేపు అన్నదానికి గడియారం చూడలేదు. పాత గీతలు నిలువుగా ఉంటే కొత్త కాగితం మీద అడ్డంగా లాగుతాడు. నిలువు గీత ఒక్కటీ కనిపించనప్పుడు తర్వాతి కాగితం. ముతక కాగితంతో ఆకారం వస్తుంది, తర్వాతివన్నీ దాన్ని చెడగొట్టకుండా గీతల్ని సన్నబరుస్తాయి. 2000 దాటాక లోహపు పాలిష్ పట్టి, మూతలో మొహం చూసుకునేంతగా మెరిపించేవాళ్లు ఉన్నారు. వీడు ఆ జోలికి పోలేదు. నేను అడిగితే, "మెరుపు వేరు, మట్టం వేరు మామయ్యా. పైగా గుడ్డతో పాలిష్ పడితే అంచులు మళ్లీ గుండ్రమవుతాయి" అన్నాడు.

కూలర్ దిమ్మ పని దీనికన్నా మొరటు. అది బరువు, రేకులు పైకి పొడుచుకుని ఉంటాయి, బరువు ఒకవైపు ఒరుగుతుంది. వేడిని మోసే గొట్టాలే అడుగున నేరుగా తగిలే కూలర్లని అసలు రుద్దకూడదు, గొట్టం గోడ పల్చన, చిల్లు పడితే కూలర్ పనికిరాకుండా పోతుంది. మా వాడిది దళసరి రాగి దిమ్మే. దానికి నడుమ ఉబ్బు, మూతకి నడుమ పల్లం. మరి రెండూ ఒకదానికొకటి సరిపోవా అని నాకు సందేహం వచ్చింది.

ఈ సందేహానికి నూట ఎనభై ఏళ్ల కిందటి జవాబుంది. ఇంగ్లండు యంత్రశిల్పి జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గో సభలో, ఇనప పలకల్ని నిజమైన చదునుకి తేవడం ఎలాగో వివరించాడు. రెండు పలకల్ని ఒకదానికొకటి సరిచేస్తే అవి అతుక్కుంటాయి, అయినా ఒకటి ఉబ్బు, ఇంకోటి పల్లం కావచ్చు. మూడు పలకలు తీసుకుని జతలు మార్చి మార్చి సరిచేస్తే, మూడూ ఒకదానికొకటి అతకాలంటే చదునుగా ఉండక తప్పదు. మచ్చుకి చదును పలక ఏదీ చేతిలో లేకుండా చదునుని పుట్టించే ఉపాయమది. ఎమరీ పొడి వేసి రాపాడించడం విట్‌వర్త్‌కి గిట్టదు, పొడి ఎక్కడ పోగైతే అక్కడ ఎక్కువ తింటుంది కనక ఎత్తు చుక్కల్ని గుర్తించి గీకమన్నాడు. మా వాడి రేణువులు కాగితానికి అతికి ఉన్నాయి, చదునేమో అద్దం దగ్గర అరువు. ఉపాయం వేరు, జాగ్రత్త అదే.

వేడికి మాత్రం చదునే కానక్కర్లేదు, రెండూ అతికితే చాలు. కానీ రెండు వంకరలు ఒకదానికోసం ఒకటి పుట్టినవి కావు, బిగించే చోటు ఒక వెంట్రుక పక్కకి జరిగినా అతకవు. ఈ మధ్య తయారీదారులే ఈ వంకరల లెక్క చేతిలోకి తీసుకున్నారు. 2021లో ఇంటెల్ తెచ్చిన పొడవాటి ఎల్‌జీఏ 1700 ప్రాసెసర్లని సాకెట్ బిగింపే నడుమ వంచుతుంది. దాన్ని వంగకుండా పట్టే చట్రాలు విడిగా అమ్ముతున్నారు. ఆస్ట్రియా సంస్థ నోక్టువా 2024లో ఒకే కూలర్ని, ఎన్‌హెచ్-డీ15 జీ2ని, అడుగు ఉబ్బు మూడు రకాలుగా తయారు చేసింది. ఒకప్పుడు కుర్రాళ్లు మధ్యాహ్నం నిద్ర మానుకుని సరిచేసుకున్న వంకర, ఇప్పుడు అట్టపెట్టె మీద అక్షరాల్లో వస్తోంది.

ఆ రోజు అన్నీ బిగించాక అయిదు డిగ్రీల దాకా తగ్గింది. దానికోసం వారంటీ పోయింది, చెక్కిన పేరు పోయింది, ఒక ఆదివారం పోయింది. మా అక్క ఈ లెక్క విని ఏమీ అనలేదు, భోజనానికి రమ్మంది.

ఇప్పుడు విప్పి చూస్తే పేస్టు సాలెగూడంత పల్చటి పొర, ఏ చోటా మందం లేదు. పేస్టు ఉన్నంత మేరా రాగి ఆనాటి రంగులోనే ఉంది, అది చేరని అంచు మాత్రం గోధుమ రంగుకి మారింది. తుడిచి, బ్లేడు నిలబెట్టి, టార్చి పెట్టాను. అడ్డంగా వెలుగు రాలేదు, నిలువుగా రాలేదు. ఐమూలగా పెడితే ఒక చివర వెంట్రుకవాసి గీత కనిపించింది. వీడియో కాల్ చేశాను. వాడిప్పుడు పుణెలో ఉంటున్నాడు, తల కాస్త నెరిసింది.

"ఒరేయ్, ఒక మూల వెలుగొస్తోంది."

"బంగారు త్రికోణం గుర్తు ఉన్న మూలేనా మామయ్యా?"

చూశాను. అదే.

"మొదటి ఇరవై లాగుళ్లు అటే బొటనవేలు పెట్టాను. అప్పుడే తెలిసింది. సిలికాన్ అంతదూరం రాదులే అని వదిలేశాను" అని, కెమెరా ఇంకాస్త దగ్గరికి పెట్టమన్నాడు.