బుడగ పుట్టనివ్వని వంపు

వినుకొండ దగ్గర సాగర్ కుడికాలువ మీద పెట్టిన మోటార్లు కొన్ని గులకరాళ్ళు పడ్డట్టు చప్పుడు చేస్తాయి. ఫుట్‌వాల్వుకు చెత్త పట్టినా, మోటారును నీటికి మరీ ఎత్తున బిగించినా అంతే. విప్పితే ఇంపెల్లర్ రెక్కల నిండా గుంటలు. పీడనం బాగా పడిపోతే నీళ్ళు వేడెక్కకుండానే ఆవిరి బుడగలవుతాయి. పీడనం పెరిగే చోటికి రాగానే ఆ బుడగలు చితికి లోహాన్ని కొరికేస్తాయి. దీన్నే క్యావిటేషన్ అంటారు.

విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల (ఎన్‌ఎస్‌టీఎల్) ఇంజనీర్లకూ ఈ బుడగతోనే పోరు. వాళ్ళు రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో వ్యాసం 533 మిల్లీమీటర్లు, బరువు దాదాపు ఒకటిన్నర టన్ను, వేగం 40 నాట్లు, అంటే గంటకు 74 కిలోమీటర్లు. ఆ వేగంలో నీటి తాకిడి ఒక్కటే రెండు వాతావరణ పీడనాలకు సమానం.

టార్పెడో ముక్కు కొసన నీరు నిలిచిపోతుంది కాబట్టి అక్కడ భయం లేదు. అసలు చిక్కు కాస్త వెనక, ముక్కు వంపు తిరిగి గొట్టంలాంటి ఒంట్లో కలవబోయే చోట. నీరు అక్కడ పరుగు అందుకుంటుంది, పీడనం అట్టడుగుకు జారుతుంది. ముక్కు అచ్చంగా అర్ధగోళమైతే, రెండు మూడు మీటర్ల లోతున ఈ వేగానికి బుడగలు తప్పవని లెక్క చెబుతుంది. వంపును సాగదీస్తే పీడనం అంతగా పడదు. కానీ ముక్కులోనే సోనార్ ఉండాలి, దానికి వెడల్పు కావాలి. బుడగల రొద పుడితే ఆ సోనారుకే వినిపించదు, పైగా శత్రు జలాంతర్గామి మేలుకుంటుంది. ఈ రెండు అవసరాలకూ సరిపడే వంపును పట్టుకోవడంలోనే పనితనమంతా ఉంది. అది కాగితం మీద కుదిరితే చాలదు. మరమేకు తల వెంట్రుకవాసి పైకి లేచినా, అతుకు దగ్గర రంగు గరుకు తేలినా, బుడగ అక్కడే మొలుస్తుంది.

పరీక్షకు 1895లో ఇంజనీరు పార్సన్స్ ఇంగ్లండులో చూపిన దారే నేటికీ దారి. సొరంగంలో నీటిని తిప్పుతూ పీడనం తగ్గించి, చిన్న నమూనా మీదే బుడగ రప్పించి, మిణుకు దీపం వెలుగులో చూడటం. ఎన్‌ఎస్‌టీఎల్‌లో అలాంటి సొరంగంతోపాటు నమూనాలను లాగి చూసే 500 మీటర్ల నీటితొట్టి కూడా ఉంది.

వరుణాస్త్రను 2016 జూన్‌లో నౌకాదళానికి అప్పగించారు. తయారీ భారత్ డైనమిక్స్ సంస్థది.