కుబ్బూసు బండి

లారీకి ఛాసిస్ మాత్రమే కొని, బాడీ వేరేచోట కట్టించుకోవడం మన తెలుగువాళ్ళకి వింతేమీ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో వడ్రంగీ, వెల్డరూ, టింకరింగ్ మేస్త్రీ, పెయింటరూ కలిసి చేసేది ఆ పనే. మొహానికి తుండుగుడ్డ చుట్టుకుని బోసి ఛాసిస్ తోలుకుపోయే డ్రైవర్లని హైవే మీద చూడనివాళ్ళు మనలో తక్కువ. అందుకే యూరప్‌లో కోచ్‌బిల్డర్ అనే మాట పలికేటప్పుడు గొంతు తగ్గించడం చూస్తే నాకు కాస్త నవ్వొస్తుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కూడా అలాంటిదే. ఇంజనూ ఛాసిసూ ఒకరివి, పైన బాడీ లండన్‌లోని బార్కర్ కంపెనీది. ఆ రోజుల్లో పెద్ద కార్లన్నీ దాదాపు ఇలాగే తయారయ్యేవి.

నేను చెప్పదలచుకున్నది ఆ కోవలో కాస్త తిక్కగా పుట్టిన ఒక కారు గురించి. ఫెరారీ 250 జీటీ, ఛాసిస్ నంబరు 2819.

1961లో తయారైనప్పుడు దానికి పినిన్‌ఫరీనా గీసిన ఒళ్ళుంది. నన్నడిగితే అంతకంటే పొందికైన కారు ఆ దశాబ్దంలో ఇంకోటి రాలేదు. దాన్ని వెనిస్‌కి చెందిన కౌంట్ జొవాన్ని వోల్పి అనే కుర్ర ధనవంతుడు కొన్నాడు. అదే ఏడాది చివర్లో ఫెరారీ నుంచి కొందరు పెద్ద ఇంజనీర్లు బయటికొచ్చి సొంత కుంపటి పెట్టుకుంటే, వాళ్ళకి డబ్బు పెట్టినవాళ్ళలో వోల్పి ఒకడు. ఎంజో ఫెరారీ ఊరుకుంటాడా? కొత్తగా వచ్చిన జీటీఓని వోల్పికి అమ్మనన్నాడు. వోల్పికి పంతం పుట్టింది. బయటికొచ్చినవాళ్ళలో జీటీఓ పనిలో ముఖ్యుడైన జొట్టో బిజారీనీ ఉన్నాడు. ఉన్న పాతబండినే జీటీఓని ఓడించేలా చెయ్యమని అతన్నే అడిగాడు.

బిజారీనీ ఇంజన్ని కిందికి దించి, వెనక్కి జరిపాడు. మోడెనాలో పియరో డ్రోగో గ్యారేజీ కొత్త రేకు తొడిగింది. ముక్కు నేలని వాసన చూస్తున్నట్టు వంగి ఉంటుంది. కప్పు మాత్రం కిందికి వాలకుండా చివరిదాకా తిన్నగా పోయి, అక్కడ కత్తితో నరికినట్టు ఆగిపోతుంది. ఆ నరుకుడు ఉబుసుపోకకి చేసింది కాదు. తోకని సాగదీసే బదులు సరైనచోట తెగ్గోస్తే గాలి లాగుడు పెద్దగా పెరగదని, జర్మన్ ఇంజనీరు వునిబాల్డ్ కామ్ 1930లలోనే చెప్పాడు.

1962 లె మాన్స్ పందెంలో దీన్ని చూసిన ఫ్రెంచివాళ్ళు చిన్న వ్యానన్నారు, ఇంగ్లీషువాళ్ళు బ్రెడ్‌వ్యానన్నారు. మా కువైట్ లెక్కలో చెప్పాలంటే కుబ్బూసు బండి! ఆ బండే జీటీఓల ముందు పరిగెత్తింది. నాలుగో గంటలో డ్రైవ్‌షాఫ్ట్ పోయి ఆగిపోయింది.

ఇక్కడ షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియా అంతా గ్యారేజీలే. అక్కడ డెంటింగ్ పనిచేసే రాయచోటి మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు. ఫోటో చూపించి ఎలా ఉందన్నాను. "వెనక గుద్దేసినారేమన్నా?" అన్నాడు. ఫోను దగ్గరికి లాక్కుని మళ్ళీ చూసి, "కాదులే, కావాలనే కోసినారు. అంచు సూడు, గుద్దిన బండికి ఇంత నీట్‌గా రాదు" అన్నాడు. నేను చదివిన విమర్శల్లో ఇంత క్లుప్తమైనది లేదు.

లోపాలు లేవని కాదు. పక్కనుంచి చూస్తే ముందు సగానికీ వెనక సగానికీ మాటల్లేవు. వెనక మూలనుంచి చూస్తే బరువుగా, కొంచెం మొద్దుగా ఉంటుంది. పినిన్‌ఫరీనా ఒళ్ళు పోగొట్టుకుని దీన్ని సంపాదించుకోవడం నష్టమే అనేవాళ్ళతో నేను పూర్తిగా వాదించలేను. కానీ ఇది ఎవరినీ అనుకరించలేదు. జీటీఓ ఇవ్వమంటే జీటీఓ వేషం వెయ్యలేదు.

వేషం వేసినవి వేరే ఉన్నాయి. 250 జీటీఈ అని ఫెరారీ 1960ల మొదట్లో నలుగురు కూచునే కారు చేసింది. మర్యాదైన సంసారపక్షం బండి. జీటీఓలు చేసింది 36 మాత్రమే. వాటి ధర ఆకాశానికంటి 2018 వేలంలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. మరి ఏమయింది? ఎన్నో జీటీఈలని కోసి, ఛాసిస్ కురచ చేసి, పైన జీటీఓ రేకు తొడిగారు. పనితనం గొప్పదే కావచ్చు. వాటిని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఒక బండిని చంపి ఇంకోదాని దయ్యాన్ని నిలబెట్టడం అది. ఊరిపేరు అడిగితే జిల్లా దాటేసి మహానగరం పేరు చెప్పేవాళ్ళు మన పరదేశపు సభల్లోనూ తగులుతుంటారు.

2021లో నెదర్లాండ్స్‌కి చెందిన నీల్స్ వాన్ రోయ్ అనే డిజైనరు, ఫెరారీ 550 మరనెల్లో మీద ఒక కొత్త బ్రెడ్‌వ్యాన్ చేయించాడు. అల్యూమినియం రేకులు చేత్తో కొట్టినవే. గీతలు పాతదానికంటే బాగా కలిశాయి, వెనక మూల మొద్దుతనమూ లేదు. అన్నీ ఉన్నాయి గానీ, అమ్మనన్న ఎంజో లేడు. గెలవాల్సిన పందెమూ లేదు. రెండూ పక్కపక్కన పెట్టి ఒకటి తీసుకోమంటే నేను డ్రైవ్‌షాఫ్ట్ విరిగినదే తీసుకుంటాను.