ఏ షెల్‌లోనైనా చెల్లే స్క్రిప్టు

సర్వర్‌కి ఫైలు పంపుదామని ఎస్‌ఎఫ్‌టీపీ తెరిస్తే కనెక్షన్ పుటుక్కున తెగిపోయి తెర మీద ఒక ఎర్రర్ పడుతుంది: వచ్చిన సందేశం మరీ పొడుగు, 3769678048. మొదటిసారి చూసినవాళ్లు నెట్‌వర్క్‌ని అనుమానిస్తారు, తర్వాత ఫైర్‌వాల్‌ని, ఆ తర్వాత సర్వర్ చూసుకునే మనిషిని. తప్పు వీటిలో దేనిదీ కాదు. ఆ సర్వర్‌లో, ఆ యూజర్ హోమ్ డైరెక్టరీలో, డాట్ బ్యాష్ఆర్‌సీ ఫైలు మొదటి వరుసలోనే ఎవరో ముచ్చటపడి ఒక ఎకో రాసుకున్నారు. లాగిన్ కాగానే ‘స్వాగతం’ అని పలకరించడానికి.

లెక్క ఇలా వస్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ క్లయింటు తనకి అందిన మొదటి నాలుగు బైట్లని సందేశం పొడవు అనుకుని చదువుతుంది. యూటీఎఫ్-8లో ‘స’ అక్షరానికి మూడు బైట్లు: 224, 176, 184. దాని వెనకే వచ్చే పొల్లు గుర్తు కూడా తెలుగుదే కాబట్టి దాని మొదటి బైటూ 224. ఈ నాలుగింటినీ వరసగా పేర్చి ఒకే సంఖ్యగా చదివితే 3769678048. ‘నమస్కారం’ అని రాసుకుంటే 3769673952 వచ్చేది. ఎకో పలికిన ఒక్క మాటని క్లయింటు 376 కోట్ల పైచిలుకు బైట్ల సందేశంగా లెక్కవేసి చేతులెత్తేసింది.

షెల్ లేస్తూనే చదివే ఇలాంటి స్టార్టప్ ఫైలుతో వచ్చే చిక్కంతా ఇందులోనే ఉంది. రాసేటప్పుడు కళ్ల ముందు ఉండేది ఒక తెర, ఒక మనిషి. చదివేటప్పుడు అవతల మనిషే ఉండకపోవచ్చు, ఇంకో ప్రోగ్రామ్ ఉండొచ్చు. అసలు చదివేది రాసినవాళ్లు అనుకున్న షెల్ కాకపోవచ్చు కూడా.

బైరెడ్డిపల్లె వైపువాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. టమోటా పండిస్తే మదనపల్లె మార్కెట్లో తెలుగులో బేరం, కోలారు మండీలో కన్నడంలో, గుడియాత్తం వెళితే తమిళంలో. బేరం ఏ భాషలో సాగినా చీటీ మీద బాక్సులు ఎన్నో, రేటు ఎంతో అంకెల్లోనే రాస్తారు. మూడు చోట్లా అదే చీటీ చెల్లుతుంది. అన్ని షెల్‌లలో నడవాల్సిన ఫైలుని కూడా ఆ చీటీలాగే రాసుకోవాలి.

ఆ ప్రాంతం కుర్రవాడు ఒకడు కంప్యూటర్ చదువులోకి దిగాడనుకుందాం. మదనపల్లెలోనో కుప్పంలోనో కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు. అందులో కమాండ్లు కొట్టేది బ్యాష్‌లో, కానీ ఎస్‌హెచ్ పేరుతో వెనక పనిచేసేది డ్యాష్. 2006 అక్టోబరులో వచ్చిన 6.10 నుంచీ ఉబుంటు పద్ధతి అదే. జేబులోని ఫోన్లో టెర్మక్స్ పెట్టుకుంటే బ్యాష్, దాని అడుగున ఆండ్రాయిడ్‌దేమో ఎమ్‌కేఎస్‌హెచ్. బెంగళూరులో ఉద్యోగం దొరికి చేతికి మ్యాక్ ఇస్తే అక్కడ జెడ్‌షెల్: 2019లో వచ్చిన కాటలినా నుంచి ఆపిల్ దాన్నే డిఫాల్ట్ చేసింది, బ్యాష్‌ని మాత్రం 2006 నాటి 3.2 దగ్గరే ఆపేసింది. ఇక కంటైనర్లలో ఆల్పైన్ ఉంటే బిజీబాక్స్‌లోని యాష్. ఒకే మనిషి, ఒకే హోమ్ డైరెక్టరీ అలవాట్లు, ఇన్ని షెల్‌లు.

ఇన్ని రకాల షెల్‌లు ఇవాళ పుట్టినవి కావు. కుప్పం పల్లెల్లో కంప్యూటర్ సందడి పెరిగింది 2002లో. ఆ ఏడాది హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో అక్కడ మూడేళ్ల కార్యక్రమం పెట్టాయి.  ఆ రోజుల్లో అదే కంపెనీ పెద్ద సర్వర్లలో నడిచింది హెచ్‌పీ-యూఎక్స్. అందులో ఎస్‌హెచ్ అని కొడితే పలికేది కోర్న్ షెల్ వంశంలో పుట్టిన పోజిక్స్ షెల్. ఇన్ని వంశాలు ఎలా వచ్చాయంటే, 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చింది, డాట్ ప్రొఫైల్ అనే స్టార్టప్ ఫైలు ఆ ఇంటిదే. బర్క్లీలో బిల్ జాయ్ సీ షెల్ వేరే వ్యాకరణంతో పోయింది. బెల్ ల్యాబ్స్‌లోనే డేవిడ్ కోర్న్ తనది రాశాడు. 1989లో బ్రయన్ ఫాక్స్ బ్యాష్, 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ జెడ్‌షెల్. ఎవరికి వాళ్లు కొత్త సౌకర్యాలు పెట్టుకుంటూ పోతుంటే, 1992లో పోజిక్స్ ప్రమాణం వచ్చి, బోర్న్ వంశం షెల్‌లకి ఇంతవరకూ ఉమ్మడి అని ఒక గీత గీసింది. సీ షెల్ ఆ గీతకి బయటే ఉండిపోయింది, తర్వాత వచ్చిన ఫిష్ కూడా.

ఏ ఫైలుని ఎవరు చదువుతారన్నది అసలు తిరకాసు. లాగిన్ షెల్‌గా లేచిన బ్యాష్ ముందు డాట్ బ్యాష్‌ప్రొఫైల్ కోసం చూస్తుంది, లేకపోతే డాట్ బ్యాష్‌లాగిన్, అదీ లేకపోతేనే డాట్ ప్రొఫైల్. మొదట దొరికినదాన్ని చదివి ఆగిపోతుంది. అంటే ఏదో ఒక ఇన్‌స్టాలర్ చెప్పాపెట్టకుండా డాట్ బ్యాష్‌ప్రొఫైల్‌ని సృష్టిస్తే, అప్పటిదాకా బాగా నడుస్తున్న డాట్ ప్రొఫైల్ ఆ రోజు నుంచి మూలన పడుతుంది. ఒక్క ఎర్రర్ కూడా రాదు. జెడ్‌షెల్ తన పేరుతో లేచినప్పుడు డాట్ ప్రొఫైల్ వైపు చూడనే చూడదు, డాట్ జెడ్‌ప్రొఫైల్ చదువుతుంది. ఇంకా చిత్రం, మ్యాక్ టెర్మినల్ తెరిచిన ప్రతి విండోలో లాగిన్ షెల్ లేస్తుంది. లైనక్స్ డెస్క్‌టాప్ టెర్మినళ్లలో మామూలుగా లేవదు. ఒకచోట పనిచేసిన ఏర్పాటు ఇంకోచోట పనిచేయలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామంది ఈ ఒక్క తేడా దగ్గరే చిక్కుకుని ఉంటారు.

దీనికి పద్ధతైన విరుగుడు ఒకటే. పాత్, ఎడిటర్, భాష లాంటి ఎన్విరాన్‌మెంట్ సంగతులన్నీ డాట్ ప్రొఫైల్‌లో, పోజిక్స్ గీత దాటకుండా రాయాలి. డాట్ బ్యాష్‌ప్రొఫైల్ రెండు మూడు వరుసలు మించకూడదు: డాట్ ప్రొఫైల్‌ని చదువు, మనిషి ఎదురుగా ఉంటే డాట్ బ్యాష్ఆర్‌సీని కూడా చదువు, అంతే. డాట్ జెడ్‌ప్రొఫైల్‌లో జెడ్‌షెల్‌ని కాసేపు ఎస్‌హెచ్‌లా నటించమని ఎమ్యులేట్ కమాండ్‌తో చెప్పి అదే ఫైలుని చదివించాలి. ప్రాంప్టు రంగులు, కంప్లీషన్లు, ముచ్చట్లన్నీ ఏ షెల్‌వి ఆ షెల్ ఫైల్లోనే. ముచ్చట్లు ఉండకూడదని కాదు, ఉమ్మడి ఫైల్లోకి వాటిని తేకూడదు.

జెడ్‌షెల్‌ని నటించమనడం ఎందుకంటే, అది బ్యాష్ కాదు. కోట్లు లేకుండా వేరియబుల్ రాస్తే బ్యాష్, డ్యాష్ ఖాళీల దగ్గర దాన్ని ముక్కలు చేస్తాయి, జెడ్‌షెల్ చేయదు. ఒక ఫోల్డర్‌లోని స్క్రిప్టులన్నీ ఫర్ లూప్‌తో చదివించే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంటే బోర్న్ వంశం షెల్‌లు నక్షత్రం గుర్తుని ఉన్నదున్నట్టు లూప్‌లోకి పంపేస్తాయి, జెడ్‌షెల్ ఏదీ దొరకలేదని ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది. ఎస్‌హెచ్‌లా నటిస్తున్నప్పుడు అదీ మిగతావాటిలాగే నక్షత్రాన్ని లూప్‌లోకి పంపుతుంది. అందుకే లూప్‌లో మొదటి పని, ఈ ఫైలు చదవడానికి ఉందా అని అడగడం.

డ్యాష్‌కి ఇంకో పట్టింపు ఉంది. చుక్క కమాండ్‌తో లేని ఫైలుని పిలిస్తే, స్క్రిప్టు నడుపుతున్న డ్యాష్ అక్కడికక్కడే మొత్తం పని ఆపేస్తుంది. బ్యాష్ సణిగి ముందుకు పోతుంది. ఉబుంటులో ఎక్స్‌ఆర్గ్ సెషన్‌లోకి లాగిన్ అయ్యేటప్పుడు డాట్ ప్రొఫైల్‌ని చదివేది డ్యాషే కాబట్టి, అందులో రెండేసి చదరపు బ్రాకెట్ల పరీక్ష, సోర్స్ కమాండ్, బ్యాష్ అర్రేలు రాసుకున్నవాళ్లకి తలుపు దగ్గరే ఎర్రర్ ఎదురవుతుంది. టెర్మినల్‌లో వెయ్యిసార్లు నడిచిన ఫైలే. ఒక బ్రాకెట్, సోర్స్‌కి బదులు చుక్క, ఎకో మైనస్ ఎన్‌కి బదులు ప్రింట్‌ఎఫ్, విచ్‌కి బదులు కమాండ్ మైనస్ వీ: ఈ నాలుగు మార్పులతోనే ఎక్కువ ఫైళ్లు దారికి వస్తాయి.

పాత్ సంగతి కొంచెం దగ్గరగా చూడదగ్గది. షెల్ లోపల లాగిన్ షెల్ తెరిచిన ప్రతిసారీ హోమ్‌లోని బిన్ ఫోల్డర్ మళ్లీ మళ్లీ చేరి పాత్ తోకలా సాగిపోతుంది. దానికి ఒక పాత చిట్కా ఉంది. పాత్‌కి ముందొక కోలన్, వెనకొక కోలన్ తగిలించి కేస్‌లో పెట్టాలి. మన ఫోల్డర్‌కి కూడా రెండు వైపులా కోలన్లు పెట్టి, అది అందులో ఉందేమో పోల్చాలి. ఉంటే ఏమీ చేయొద్దు, లేకపోతేనే చేర్చాలి. కొసల్లో ఉన్న పేరుకి కూడా రెండు పక్కలా కోలన్ ఉంటుంది కాబట్టి సగం పేరు కలిసి మోసపోయే ప్రమాదం ఉండదు. గ్రెప్ లేదు, బయటి ప్రోగ్రామ్ ఒక్కటీ లేదు. బోర్న్ నాటి షెల్ నుంచి నేటి జెడ్‌షెల్ దాకా నడుస్తుంది. ఈ చేతిపనిలో ఇంతకంటే అందమైన వరుసలు తక్కువ.

తెలుగులో మెసేజీలు కనబడాలని కోరుకునేవాళ్లకి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. లాంగ్ వేరియబుల్‌ని తెలుగు లొకేల్‌కి మార్చుకోవడం మంచి పనే, చేసుకోవాలి కూడా. సీ-డాక్ చెన్నై తయారుచేసిన బాస్ లైనక్స్ లాంటివి వచ్చిన కారణాల్లో ఆ కోరిక ఒకటి. కానీ డెబియన్, ఉబుంటులలో ఎస్‌ఎస్‌హెచ్ తన లాంగ్, ఎల్‌సీ సెట్టింగులని వెంటబెట్టుకుని అవతలి సర్వర్‌కి పోతుంది. అక్కడ తెలుగు లొకేల్ తయారుచేసి ఉండకపోతే బ్యాష్ లొకేల్ మార్చలేనని హెచ్చరించవచ్చు, పెర్ల్ తన వంతుగా పెద్ద చీటీ చదివి సీ లొకేల్‌కి దిగిపోతుంది. ఇది చూసి చాలామంది తెలుగునే తీసిపారేస్తారు. తీయాల్సింది తెలుగుని కాదు, ఎల్‌సీ ఆల్‌ని. అది మిగతా అన్నింటినీ తొక్కేసే వేరియబుల్, స్టార్టప్ ఫైల్లో దానికి చోటు ఉండకూడదు. అవతలి సర్వర్ సొంతదైతే అక్కడా తెలుగు లొకేల్ తయారుచేసుకోవచ్చు. సొంతది కాకపోతే, ఆ సర్వర్ వరకు ఈ సెట్టింగులు వెంట పోకుండా తన మెషీన్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లోనే ఆపుకోవచ్చు. అవే డాట్ ఫైళ్లు ప్రతి మెషీన్‌కీ మోసుకెళ్లేవాళ్లు మాత్రం, లొకేల్ మైనస్ ఏ అని అడిగి, జాబితాలో తెలుగు కనబడితేనే లాంగ్ మార్చేలా రాసుకోవాలి.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి సాధనాలకి కొదవలేదు. షెల్‌చెక్ ఉంది, డెబియన్‌లో చెక్‌బ్యాషిజమ్స్ ఉంది. ఎన్వ్ మైనస్ ఐ తో ఎన్విరాన్‌మెంట్ అంతా తుడిచి, హోమ్ ఒక్కటే మిగిల్చి, డ్యాష్‌ని లాగిన్ షెల్‌గా లేపి చూస్తే ఫైలు దేని మీద ఆనుకుని నిలబడిందో బయటపడుతుంది. ఆ తర్వాత జెడ్‌షెల్‌తో, బిజీబాక్స్‌తో. చివరగా ఎస్‌ఎస్‌హెచ్‌లో ట్రూ అనే కమాండ్ ఒక్కటి ఇచ్చి, వచ్చిన బైట్లని డబ్ల్యూసీ మైనస్ సీ తో లెక్కపెట్టాలి. జవాబు సున్నా రావాలి.