మంచు స్తూపం: నామం, రూపం, ప్రయోజనం

లదాఖ్‌లో వర్షపాతం అత్యల్పం. అక్కడి బార్లీ పొలాలకు మంచు, హిమనదాలు కరిగి వచ్చే నీరే ఆధారం. హిమనదాలు క్షీణిస్తున్నకొద్దీ ఏప్రిల్, మే నెలలలో, విత్తే అదనుకు, నీరు చాలటం లేదు. ఈ కొరతకు ఉపాయంగా ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ 2013–14 శీతకాలంలో ఆరంభించిన మంచు స్తూపాన్ని సాంకేతిక ప్రయోగంగా కొనియాడినవారే ఎక్కువ. కళారూపంగానూ అది విమర్శకు అర్హమైనది.

ఎగువ వాగు నుండి గొట్టం ద్వారా దించిన నీరు తన ఒత్తిడితోనే నిలువు గొట్టంలో పైకెగసి, రాత్రి చలిలో తుంపరలుగా రాలుతూ గడ్డకడుతుంది. శంకువు ఆకారంలో, ఘనపరిమాణంతో పోల్చితే ఎండ సోకే ఉపరితలం తక్కువ. అందుచేత మంచు మెల్లగా కరుగుతుంది. అంతకు పూర్వం ఛెవాంగ్ నోర్ఫెల్ నిర్మించిన కృత్రిమ హిమనదాలకు ఎత్తైన, నీడగల తావులు కావలసివచ్చేవి. మంచు స్తూపం పల్లె చెంతనే నిలువగలదు. ఇక్కడ రూపాన్ని నిర్ణయించినది అలంకార దృష్టి కాదు, అవసరం.

ఇది నిజంగా స్తూపమేనా? అండం, హర్మిక, ఛత్రావళి లేవు, ధాతుగర్భం లేదు. శారీరిక, పారిభోగిక, ఉద్దేశిక భేదాలలో దేనిలోనూ సులువుగా ఇమడదు. అయినా ఆ పేరు వ్యర్థం కాదు. డ్రికుంగ్ కాగ్యూ సంప్రదాయానికి చెందిన ఫియాంగ్ విహారం ఈ యత్నానికి అండగా నిలిచింది. 2015లో అక్కడ లేచిన స్తూపం సుమారు 20 మీటర్ల ఎత్తుకు చేరింది. గడ్డకట్టిన గొట్టాలను చలిలో సరిచేసే శ్రమకు జనాన్ని కూడగట్టటంలో పరిచితమైన పవిత్రనామానికి బలమున్నది. అమరావతి ఫలకాలపై పూర్ణఘటం స్తూపానికి అలంకారం. లదాఖ్‌లో స్తూపమే పూర్ణఘటమైనది.

దీనిని అనిత్యతకు ప్రతీకగా మెచ్చుకోవటం తేలిక. కాని విత్తుకు ముందే అది కరిగిపోతే రైతుకు మిగిలేది తత్త్వం కాదు, బీడు. కనుక ఈ కళకు గీటురాయి ఎత్తు కాదు. అదనుకు పొలం చేరిన నీరు.

దీని పరిమితిని కూడ గుర్తించాలి. ఇది కొత్త నీటిని సృష్టించదు. శీతకాలపు ప్రవాహాన్ని వసంతం దాకా నిలిపి ఉంచుతుంది. ఆ నిలుపుదలకు తీవ్రమైన చలి కావాలి. శీతకాలమే వేడెక్కితే ఉపాయమూ బలహీనపడుతుంది. దీని సౌందర్యం తాపకారకుల బాధ్యతను మరపింపరాదు.

శిథిల స్తూపాల కొలతలను శ్రద్ధగా నమోదుచేసే పరిశోధకులు, ఈ స్తూపాలు కట్టిన, కరిగిన తేదీలను, నీటి పంపకపు కట్టుబాట్లను కూడ గ్రంథస్థం చేయటం అవసరం. కరిగిపోయిన పిమ్మట తవ్వి తీయటానికి అక్కడ ఏదీ మిగలదు.