రెండోసారి వెళ్లాలి

ముడిమ్యాలలో ఒక పొలం గట్టు. సంపు పక్కన 5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు, దాని వెనక గుంజకు బిగించిన స్టార్టర్ డబ్బా. ఆ డబ్బా మూత తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డది పదో తరగతి చదివే అమ్మాయి. చుట్టూ ఇంకో పదకొండు మంది ఆడపిల్లలు. మెయిన్ స్విచ్ ఆపేశాం. ఫ్యూజులు పీకి నా చేతిసంచిలో వేసుకున్నాను. టెస్టరు పెట్టి మూడు ఫేజులూ చూశాం. "కరెంటు లేదనుకోవద్దు, లేదని చూసుకోవాలి" అన్న మాట పొద్దుటి నుంచి ఆ పిల్లలకు నాలుగుసార్లు చెప్పి ఉంటాను.

"మేడం, గీ డబ్బ మా ఇంట్ల మా అన్న ఒక్కడే ముడతడు. నన్ను దగ్గరికి గూడ రానియ్యరు" అంది ఆ పిల్ల.

"మంచిదే. ముందు ముట్టకుండా చూడు. ఏం కనిపిస్తోందో చెప్పు" అన్నాను.

ఆమె వంగి చూసింది. కాంటాక్టర్ కింద ఉన్న ఓవర్‌లోడ్ రిలే మీద చిన్న చక్రం, దాని చుట్టూ 6 నుంచి 10 వరకు అంకెలు. బాణం గుర్తు 10 మీద ఉంది. తర్వాత మోటారు దగ్గరికి వెళ్లి, దాని పలక మీది మట్టిని చున్నీ అంచుతో తుడిచి చదివింది. 7.5 ఆంప్స్.

"మేడం, మోటరు మీద ఏడున్నర రాసుంది. గీడేమో పది పెట్టిండ్రు. గట్ల ఎందుకు?"

పొలం యజమాని ఆమె చిన్నాన్నే. "ఊకూకె ట్రిప్పయితుందని మెకానిక్ గట్ల పెట్టిండు బిడ్డా" అన్నాడు. ఆ మోటారు ఆ ఏడాది రెండుసార్లు కాలిందట. రెండుసార్లూ వైండింగ్ షాపుకు మోసుకెళ్లారట. వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు 9 ఆంప్స్ లాగినా, 10 మీద పెట్టిన రిలే కదలదు. వైండింగ్ లోలోపల వేడెక్కుతూనే ఉంటుంది. రక్షించడానికి పెట్టిన పరికరాన్నే విసుగుపుట్టి నిద్రపుచ్చారన్నమాట. ఆ సంగతి కనిపెట్టింది నేను కాదు. డబ్బా దగ్గరికి రానివ్వని ఆడపిల్ల.

మహిళా ఇంజినీర్ల సంఘంలో ఇన్నేళ్లుగా నేను చేసిన పనులన్నిటిలో మనసులో నిలిచిపోయినది ఆ అరగంట. ఈ వారం ఆ పని గురించే రాస్తాను. 'చాప్టర్ (సంఘపు స్థానిక శాఖ) కార్యక్రమాలు' అంటాం కదా, అవి అసలు ఎందుకు, ఎలా ఉండాలి?

దీనికి జవాబు వెతికితే మన తెలుగింటి ఆడపడుచు ఒకరి దగ్గరికే వెళ్లాలి. అయ్యలసోమయాజుల లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి. 1937లో భర్త పోయేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఆచార్యులు. ఆయన ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడి, అనుమతులు తెప్పించి, 1940లో కూతుర్ని ఆ కాలేజీలోనే చేర్పించారు. భారతదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు అలా తయారయ్యారు. పట్టా మీద అచ్చులో 'అతడు' అనే ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో 'ఆమె' అని దిద్ది ఇచ్చారు.

పట్టా సంగతి చాలామంది చెబుతారు. నన్ను పట్టుకున్నది మరొకటి. అన్ని వందల మంది మగపిల్లల మధ్య లలిత ఒంటరిదైపోయిందని, కాలేజీ వారు ఆడపిల్లలకూ ప్రవేశం ఉందని ప్రకటన ఇచ్చారు. అలా సివిల్ ఇంజినీరింగ్‌లోకి పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ వచ్చారు. త్రేసియా తర్వాత కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజినీరు అయ్యారు. అంటే మొదటి ఆడపిల్లను చేర్చుకోవడంతోనే పని అయిపోలేదు. ఆమె పక్కన కూర్చునే రెండో పిల్ల కోసం, మూడో పిల్ల కోసం ఎవరో పూనుకున్నారు. నా లెక్కలో మన దేశంలో మహిళా ఇంజినీర్లకు మొదటి చాప్టర్ అదే. పేరు లేదు, బ్యానరు లేదు, ముగ్గురే సభ్యులు.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేశారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు గీశారు. భాక్రానంగల్ పనుల్లో ఆమె చేయి ఉంది. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆమెకు ఆహ్వానం వచ్చింది. అయితే మహిళా ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థకు అప్పట్లో మన దేశంలో పనిచేసే చాప్టరే లేదు. అందుకని దేశ ప్రతినిధిగా కాక, వ్యక్తిగత హోదాలో వెళ్లారు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న ఇంజినీరు అంత సభలో ఒంటరిగా కూర్చున్నారు. మరుసటి ఏడాది లండన్‌లోని మహిళా ఇంజినీరింగ్ సంఘంలో సభ్యత్వం తీసుకున్నారు. ఆమె పుట్టిన 1919లోనే, జూన్ 23న పుట్టిన సంఘం అది. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సదస్సుకు భారతదేశం తరఫున ప్రతినిధి ఆమే.

ఈ రోజు హైదరాబాద్‌లో ఆ కొరత లేదు. ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ హైదరాబాద్ విభాగంలో మహిళా ఇంజినీర్ల బృందం ఉంది. 1950లో అమెరికాలో మొదలైన సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజినీర్స్ శాఖలు మన దేశ నగరాలకూ వచ్చాయి. చాలా కాలేజీల్లో విద్యార్థినుల బృందాలు ఉన్నాయి. ఐఈఈఈ నిబంధనల ప్రకారం ఇలాంటి బృందం పెట్టడానికి ఆరుగురు సభ్యులుంటే చాలు. బల్ల చుట్టూ సరిపోయేంత మందే. పెట్టడం తేలిక. నడపడమే కష్టం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరికి దూరంగా ఉన్న ఒక సబ్‌స్టేషన్‌లో డ్యూటీ వేశారు. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పొద్దున నీళ్లు తాగడం మానేసి వెళ్లేదాన్ని. ఎవరికి చెప్పాలో తెలియదు, చెబితే "అందుకే ఆడవాళ్లొద్దన్నాం" అంటారేమోనని భయం. మూడు నెలల తర్వాత, నాకంటే పదేళ్లు సీనియర్ అయిన ఒక అక్క ఫోన్ చేసి, "నువ్వు ఒక్కదానివే అడగకు. మేం నలుగురం కలిసి కాగితం పెడతాం" అంది. పెట్టారు. గది కట్టారు. ఆ అక్క నాకు సాంకేతిక పాఠం ఏదీ చెప్పలేదు. కానీ ఆ ఫోన్ రాకపోయి ఉంటే నేను రాజీనామా రాసేదాన్ని. ఆ తర్వాతి ముప్పయ్యేళ్ల నా వృత్తి ఆ ఒక్క ఫోన్ మీద నిలబడింది.

అందుకే మా చాప్టర్ నెలకోసారి కూర్చున్నప్పుడు మొదటి గంట ప్రసంగాలు పెట్టుకోం. ఎవరి పని దగ్గర ఏం అడ్డొచ్చిందో చెప్పుకుంటాం. ఒక సివిల్ ఇంజినీరు తన కాలికి సరిపోయే సైజు సేఫ్టీ షూ సైట్‌లో దొరకడం లేదని చెప్పింది. రెండు సైజులు పెద్ద బూట్లేసుకుని సెంట్రింగ్ చెక్కల మీద నడవడం ఎంత ప్రమాదమో సైటు ఎక్కినవాళ్లకే తెలుస్తుంది. ఇంకొకామె పాప పుట్టాక మూడేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటోంది. ఈ మూడేళ్లలో మారిన సాఫ్ట్‌వేర్ ఆమెకు ఎవరు నేర్పుతారు? ఇద్దరు చేతులెత్తారు, వారానికి రెండు సాయంత్రాలు ఆమెతో కూర్చున్నారు. ఇవి పేపర్లో రావు, ఫొటోకు అందవు. చాప్టర్ అంటే నాకు ఇవే.

మార్చి 8 వస్తే సభలు, శాలువాలు, జ్ఞాపికలు ఉంటాయి. వాటిని నేను తప్పు పట్టను. పని చేసిన మనిషిని నలుగురిలో నిలబెట్టి గౌరవించడం మంచిదే. కానీ ఆ సభలో ముందు వరుసలో కూర్చోబెట్టిన విద్యార్థినులు ఏప్రిల్‌లో ఏం చేస్తున్నారో మనకు తెలియకపోతే, ఆ సభ మన కోసం మనం చేసుకున్నదే.

ముడిమ్యాలకు మేం మొదటిసారి వెళ్లింది కూడా అలాంటి కార్యక్రమానికే. లంగర్‌హౌజ్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని, మొయినాబాద్ దాటి, పెద్ద మర్రిచెట్ల నీడలోంచి వెళ్లాం. బడి పిల్లలను "ఇంజినీర్ అంటే ఎవరు?" అని అడిగితే, "కంప్యూటర్ ముంగట కూసునేటోళ్లు" అన్నారు. తప్పు వాళ్లది కాదు. అజీజ్‌నగర్, చిలుకూరు చుట్టుపక్కల కాలేజీల బస్సులు కళ్ల ముందు నుంచే పోతుంటాయి. ఆ బస్సుల్లోని అక్కలు చదివేది అదేనని వాళ్లు విన్నారు. గండిపేట ఎవరు కట్టారని అడిగాను. నిజాం అన్నారు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వేసిన ప్రణాళికలోంచి 1920లో గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయని, అవి కట్టిన రోజుల్లో మన దేశంలో ఒక్క ఆడపిల్లకూ ఇంజినీరింగ్ కాలేజీ తలుపు తెరవలేదని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెన్నులు పంచాం, ఫొటో దిగాం, వచ్చేశాం.

కారు ఎక్కుతుంటే ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, "మళ్ల ఎప్పుడొస్తరు మేడం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నలభై రోజులకు మళ్లీ వెళ్లాం. ఈసారి ప్రసంగం లేదు. పాత స్టార్టర్ ఒకటి, మల్టీమీటరు, టెస్టర్లు, రబ్బరు గ్లవ్స్ తీసుకెళ్లాం. దగ్గర్లోని కాలేజీల నుంచి నలుగురు ఎలక్ట్రికల్ విద్యార్థినులు వచ్చారు. బల్ల మీద స్టార్టర్ విప్పి ఒక్కో భాగం చేతికిచ్చాం. పచ్చ బటన్ నొక్కితే కాయిల్ ఎలా పట్టుకుంటుంది, కరెంటు పోతే ఎలా వదిలేస్తుంది, ఒక ఫేజు పోతే మోటారు ఎందుకు గుయ్యిమంటుంది. ఆటోస్టార్టర్లు పెట్టుకుంటే కరెంటు వచ్చిన క్షణంలో ఊరి మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎందుకు ఎగిరిపోతుంది, కెపాసిటర్ బిగిస్తే లైన్ మీద భారం ఎలా తగ్గుతుంది. టమాటాలు, పూలు పండించే ఇళ్ల పిల్లలు. వాళ్ల ఇంటి తిండి ఆ మోటారు మీదే ఆధారపడి ఉంది. అందుకే ఒక్కరూ పక్కచూపు చూడలేదు. స్తంభం మీది పని లైన్‌మన్‌ది, దాని జోలికి ఎవరూ వెళ్లొద్దని గట్టిగా చెప్పాం. ఆ తర్వాతే పొలానికి వెళ్లాం. మొదట చెప్పిన అరగంట అప్పటిదే.

ఆ రోజు ఒక పెద్దావిడ గట్టు మీద కూర్చుని అంతా చూసింది. "ఆడివిల్లలకు గీ పని ఎందుకమ్మా?" అని అడిగింది. కోపంతో కాదు, భయంతో. కరెంటు మనుషుల్ని మింగుతుందని పల్లెల్లో పొలం ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. నేను బబ్బూరి శిరీష సంగతి చెప్పాను. మన విద్యుత్ సంస్థ 2019లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ఆడవాళ్లు అర్హులు కారంటే, ఆమె, మరికొందరు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అవకాశం ఇప్పించాక, స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గి, 2022లో శిరీష ఉద్యోగంలో చేరింది. సిద్దిపేట జిల్లా పల్లెటూరి పిల్ల. "ఎక్కుడు రానోళ్లు, తెల్వనోళ్లు ముడితేనే పానం పోతది పెద్దమ్మా. తెల్సినోళ్లు ఆపి ముడతరు" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "గట్లయితే మా మనవరాలికి గూడ సూపియ్యి" అంది.

రిలేను ఆ పిల్ల చేతే 7.5కు తిప్పించాం. ఫ్యూజులు పెట్టి, మూత బిగించి, పచ్చ బటన్ ఆమె చేతే నొక్కించాం. డ్రిప్పు పైపుల్లోకి నీళ్లు వెళ్లిన చప్పుడు వినిపించింది. ఆమె నోట మాట రాలేదు. చెయ్యి మాత్రం డబ్బా మీదే ఉంచింది.

చదువుతున్న ఇంజినీరు అక్కచెల్లెళ్లకు ఒక మాట. మీ ఆఫీసులో, కాలేజీలో, కాలనీలో మీతో కలిపి ఆరుగురు ఉంటే మీకు చాప్టర్ ఉన్నట్టే. పెద్ద హాలు వద్దు. మీకు దగ్గరున్న ఒక బడి, ఒక ఊరు, ఉద్యోగం మానేయాలనుకుంటున్న ఒక చెల్లెలు, వీటిలో ఒకటి ఎంచుకోండి. మొదటిసారి వెళ్లినప్పుడే రెండోసారి తేదీ చెప్పి రండి. చెప్పిన తేదీకి వెళ్లండి.

వచ్చే నెల రెండో ఆదివారం మేం మళ్లీ ముడిమ్యాల వెళ్తున్నాం. ఎర్తింగ్ గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపడం నేర్పాలి. పాఠం చెప్పే బాధ్యత ఈసారి ఆ పదో తరగతి అమ్మాయికి అప్పగించాం.